కుళాయి నీటిలో క్లోరిన్: హాని ఎంత, రక్షణ ఎంత?

వర్షాకాలం ఆరంభం కాగానే రక్షిత మంచినీటి పథకాలలో క్లోరిన్ మోతాదును పెంచడం ఏటా జరిగే పని. దాని వెంట పురపాలక కార్యాలయాలకూ, పత్రికలకూ చేరే ఫిర్యాదు సైతం ఏటా ఒక్కటే. నీరు మందు వాసన వస్తున్నదనీ, ఇది తాగితే క్యాన్సర్ వస్తుందంటున్నారనీ ప్రజలు ఆందోళన వెలిబుచ్చుతుంటారు. ఈ ఆందోళనను కేవలం అపోహగా త్రోసిపుచ్చడం సరికాదు. దానికి కొంత శాస్త్రీయ ఆధారం ఉన్నది. అయితే ఆ ఆధారం వేలెత్తి చూపుతున్నది క్లోరిన్‌ను కాదు. క్లోరిన్ కలిపే నాటికి ఆ నీరు ఉన్న స్థితిని.

క్లోరిన్ నీటిలో కరిగినపుడు హైపోక్లోరస్ ఆమ్లం ఏర్పడుతుంది. కలరా, టైఫాయిడ్, విరేచనాలు కలిగించే సూక్ష్మక్రిములను నశింపజేసేది ప్రధానంగా ఇదే. ఇందుకు కనీసం అరగంట వ్యవధి అవసరం. కలిపిన క్లోరిన్‌లో కొంత భాగం నీటిలోని మలినాలతో చర్య జరిపి ఖర్చయిపోగా మిగిలినదానిని అవశేష క్లోరిన్ అంటారు. శుద్ధి కేంద్రం నుండి వినియోగదారుని ఇంటికి చేరేలోగా గొట్టాలలో కొత్తగా ప్రవేశించే క్రిముల నుండి నీటిని కాపాడేది ఈ మిగులే. భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ఐఎస్ 10500 ప్రకారం వినియోగదారుని వద్ద లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల అవశేష క్లోరిన్ ఉండాలి. వైరస్ వ్యాధుల నుండి రక్షణ అవసరమైనపుడు ఇది 0.5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యరీత్యా సూచించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 5 మిల్లీగ్రాములు. కొందరు 0.3 మిల్లీగ్రాముల వద్దనే వాసనను పసిగట్టగలరు. కనుక వాసన వచ్చినంత మాత్రాన మోతాదు మించినదని భావించనవసరం లేదు.

ఇక క్యాన్సర్ విషయం. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీటి సరఫరా సంస్థకు చెందిన రసాయన శాస్త్రవేత్త యోహానెస్ రూక్ 1974లో ఒక ముఖ్యమైన అంశాన్ని వెల్లడించారు. కుళ్లిన ఆకులు, నాచు వంటి వాటినుండి నీటిలో చేరే సేంద్రియ పదార్థాలతో క్లోరిన్ చర్య జరిపినపుడు క్లోరోఫాం తదితర ట్రైహాలోమీథేన్లు ఏర్పడుతున్నాయన్నది దాని సారాంశం. అమెరికా ప్రభుత్వం 1979లో ఈ పదార్థాలన్నింటికీ కలిపి లీటరుకు 100 మైక్రోగ్రాముల పరిమితిని విధించి, 1998లో దానిని 80కి తగ్గించింది. ఇటువంటి నీటిని దశాబ్దాల తరబడి వాడినవారిలో మూత్రాశయ క్యాన్సర్ కొంత అధికంగా కనిపించినట్లు పలు అధ్యయనాలు తెలిపాయి. అది కారణమేనని మాత్రం నిర్ధారణ కాలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్లోరోఫాంను క్యాన్సర్ కారకం కావచ్చునన్న వర్గంలో ఉంచింది. క్లోరిన్ కలిపిన తాగునీటిని 1991లో ఏ నిర్ణయానికీ ఆధారాలు చాలని వర్గంలో చేర్చింది. మన ఐఎస్ 10500 సైతం క్లోరోఫాంకు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల పరిమితిని విధించింది.

దీనిని బట్టి చేయవలసినది క్లోరిన్‌ను తగ్గించడం కాదు, క్లోరిన్ కలపడానికి ముందే సేంద్రియ మలినాలను తొలగించడం. కృష్ణా, గోదావరి డెల్టా గ్రామాలలో కాలువ నీటిని వేసవి నిల్వ చెరువులలో నింపి, ఇసుక వడపోత ద్వారా శుద్ధి చేసి సరఫరా చేస్తారు. ఎండలు ముదిరిన కొద్దీ ఈ చెరువులలో నాచు పెరుగుతుంది. వడపోత పడకలను సకాలంలో శుభ్రపరచక, పచ్చబారిన నీటిలోనే బ్లీచింగ్ పౌడర్ కుమ్మరించే చోట రెండు విధాలా నష్టమే. క్లోరిన్ అధిక భాగం నాచుతోనే ఖర్చయిపోతుంది, ట్రైహాలోమీథేన్లూ పెరుగుతాయి. సేంద్రియ పదార్థాలు స్వల్పంగా ఉండే బోరు నీటిలో ఈ సమస్య సాధారణంగా తక్కువ.

క్లోరిన్ లేకపోతే ఏమవుతుందన్నదానికి ఉదాహరణల కోసం వెదకనక్కరలేదు. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పలువురు మరణించారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. పెరూ దేశంలో 1991లో చెలరేగిన కలరా ఆ ఒక్క ఏడాదే 3 లక్షల మందికి పైగా సోకింది. క్యాన్సర్ భయంతో అధికారులు క్లోరినేషన్ మానివేయడమే దానికి కారణమని అప్పట్లో ప్రచారం జరిగింది. అక్కడి నీటి వ్యవస్థే ముందునుండి లోపభూయిష్టమని తరువాతి పరిశీలకులు ఆ వాదనతో విభేదించారు. క్లోరిన్ వ్యతిరేకులూ, అనుకూలురూ ఈ ఉదంతాన్ని ఉదహరించేటపుడు ఈ సంగతిని విస్మరిస్తుంటారు.

క్షేత్రస్థాయిలో తరచు ఎదురయ్యేది అధిక మోతాదు కాదు, మోతాదు తెలియకపోవడం. 33 శాతం క్లోరిన్ గల బ్లీచింగ్ పౌడర్ 180 గ్రాములను 60 వేల లీటర్ల ట్యాంకులో కలిపితే లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము క్లోరిన్ చేరుతుంది. అదే పౌడర్ తేమ తగిలి, మూట విప్పి ఉంచిన గదిలో నెలల తరబడి నిల్వ ఉండి 10 శాతానికి దిగజారితే అందేది 0.3 మిల్లీగ్రాములే. అది నీటిలోని మలినాలకే చాలదు. రిజిస్టరులో మాత్రం 180 గ్రాములు కలిపినట్లే నమోదవుతుంది. అందువల్ల కలిపిన పౌడర్ తూకం కంటె, సరఫరా మార్గంలో చిట్టచివరి కుళాయి వద్ద క్లోరోస్కోపు చూపిన అంకెయే ప్రధానం. ఆ అంకె నిన్నటి వరకు ఉండి నేడు హఠాత్తుగా సున్నాకు పడిపోతే, ట్యాంకులో క్లోరిన్ కలిపిన మాట నిజమైన పక్షంలో, మార్గమధ్యంలో ఎక్కడో గొట్టం పగిలి మురుగు చేరుతున్నదేమోనని తక్షణం పరిశీలించాలి. కలుషిత నీటి వార్తలను సేకరించే విలేకరులు మొదట అడగదగిన అంకె కూడా ఇదే.

క్లోరిన్ వల్ల నిస్సందేహమైన ప్రమాదం పొంచి ఉన్నది శుద్ధి కేంద్రాల సిబ్బందికి. సిలిండరు నుండి వాయువు లీకైతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ప్రాణాపాయమూ కలుగవచ్చు. బ్లీచింగ్ పౌడర్‌ను ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు లేకుండా కలిపే పంచాయతీ కార్మికుల ఇబ్బందులు సాధారణంగా వార్తలకెక్కవు. డయాలసిస్ కేంద్రాలలోనూ నీటి నుండి క్లోరిన్‌ను, క్లోరమిన్లను పూర్తిగా తొలగించాలి. రోగి రక్తంతో సన్నిహితంగా మెలగే ఆ నీటిలో క్లోరమిన్లు మిగిలితే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమవుతాయి.

వాసన గిట్టక కుళాయి నీటిని వదలి 20 లీటర్ల డబ్బా నీటిని ఆశ్రయించే కుటుంబాలు పెరుగుతున్నాయి. ఆర్.ఓ. యంత్రాలలో నీరు ప్రవేశించే ముందే బొగ్గు వడపోత క్లోరిన్‌ను తొలగించివేస్తుంది. ఆ తరువాత డబ్బా శుభ్రంగా లేకపోయినా, మూత తీసి గ్లాసు ముంచినా ఆ నీటిని కాపాడే అవశేష క్లోరిన్ దానిలో ఉండదు. కుళాయి నీటి వాసన భరించలేనివారు నీటిని వెడల్పాటి పాత్రలో పలుచని గుడ్డ కప్పి కొన్ని గంటలు ఉంచితే క్లోరిన్ చాలావరకు ఆవిరైపోతుంది. అటుపిమ్మట ఆ నీటిని మూతపెట్టి భద్రపరచి, అదే రోజున వాడుకోవాలి.