కారలేదు, పొంగింది

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగినదాన్ని లోకమంతా ఒక్క మాటతో చెప్పుకుంది: గ్యాస్ లీక్. ఇంగ్లిష్ పత్రికలు అలాగే రాశాయి, తెలుగు ఛానళ్లు అలాగే చదివాయి, ఇప్పటికీ ఊళ్లో అడిగినా అదే మాట వినబడుతుంది. పన్నెండు మంది చనిపోయారు. వందల మందిని కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్), నగరంలోని ఇతర ఆసుపత్రులకు మోసుకెళ్లారు. ఆ రాత్రికి ఈ మాట చాలా చిన్నదని నా అభిప్రాయం. చిన్నది కావడం ఒక్కటే కాదు, అది మన చూపును తప్పు చోటికి తిప్పుతుంది కూడా.

లీక్ అనే క్రియకు మూలం ఉత్తర యూరప్ భాషల్లో ఉంది. మొదట దాని అర్థం చుక్కలు చుక్కలుగా కారడం. ఆ తర్వాత ఇంటి కప్పు, పడవ అడుగు, పెన్ను, ప్రశ్నపత్రం, మంత్రివర్గం గుట్టు, వంటింటి సిలిండరు, అన్నీ ఆ ఒక్క మాట కిందికే చేరాయి. ఇంగ్లిష్‌కి వేరే మాటలు లేక కాదు. మెల్లగా చెమ్మదిగడానికి సీప్, ఒలకడానికి స్పిల్, ఎగదన్నడానికి గష్, కావాలని బయటికి వదలడానికి డిశ్చార్జ్ అని ఉన్నాయి. తొందరలో వార్త రాసేవాడి చేతికి దొరికేది మాత్రం లీక్. మనం దాన్ని యథాతథంగా తెచ్చుకుని, చివర ‘అయింది’ తగిలించి ఊరుకున్నాం.

తెలుగులో ఈ పనికి ఎన్ని క్రియలున్నాయో ఆలోచిస్తే ఆశ్చర్యమేస్తుంది. వానకు కప్పు కారుతుంది. బీటవారిన కుండ ఓడుతుంది. ఓటికుండ అనే మాట అక్కడిదే. గాయం నెత్తురోడుతుంది, కష్టజీవి చెమటోడుస్తాడు. బావిలో నీరు ఊరుతుంది, గోడ చెమరుస్తుంది, భూమిలోంచి ఊట ఉబుకుతుంది. పగిలిన గొట్టంలోంచి నీళ్లు చిమ్ముతాయి. గుట్టు పొక్కుతుంది. 1995 జనవరిలో కోనసీమ పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి నుంచి గ్యాస్ ఎగదన్ని, మంటై, 65 రోజులు మండినప్పుడు దాన్ని లీక్ అన్నవాళ్లు లేరు. బ్లోఅవుట్ అనే అన్నారు. మంట ఆకాశాన్నంటింది కాబట్టి దాని స్థాయి అందరికీ కనబడింది. వెంకటాపురంలో చీకట్లో వచ్చినదానికి ఆ పాటి పేరు కూడా దక్కలేదు.

ఈ క్రియల్లో ఏది వాడినా అది మూడు సంగతులు చెబుతుంది: ఎంత వేగంగా వచ్చింది, ఎక్కణ్నుంచి వచ్చింది, ఎందుకు వచ్చింది. ‘లీకైంది’ అంటే బయటికి వచ్చిందన్న సంగతి తప్ప మరేమీ తెలియదు.

ఆ రాత్రి ఏం జరిగిందో చూద్దాం. ఆ గ్యాస్ వెలువడిన ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలై, 1997లో కొరియా సంస్థ ఎల్‌జీ కెమ్ చేతికి వచ్చింది. అక్కడ ముడిసరుకు స్టైరీన్. ద్రవంగా ఉంటుంది, ప్లాస్టిక్ తయారీకి వాడతారు. దీని గుణమేమిటంటే, వెచ్చబడితే దాని అణువులు తమంతట తామే ఒకదానితో ఒకటి గొలుసుకట్టుకుంటాయి. అలా కట్టుకునేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకొన్ని కట్టుకుంటాయి. అందుకే దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి, ఆ గొలుసును అడ్డుకునే టీబీసీ అనే మందు కలుపుతూ ఉండాలి. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ మూతబడి ఉండగా ఎం6 అనే ట్యాంకులో నిలవ ఉన్న స్టైరీన్ లోలోపల వేడెక్కింది. దాని మరుగుస్థానం సుమారు 145 డిగ్రీలు. ఆ వేడికి చేరి ఆవిరై, ట్యాంకు పైనున్న వెంట్లలోంచి బయటికి తన్నుకొచ్చింది. ట్యాంకుకు చిల్లు పడలేదు. గొట్టం పగల్లేదు.

అంటే కారలేదు, పొంగింది. పొయ్యి మీద పాలు పొంగినట్టు. కారిందంటే ముందు చిల్లు ఎక్కడుందని వెతుకుతాం. పొంగిందంటే పొయ్యి దగ్గర ఎవరున్నారని అడుగుతాం. విచారణ ఎక్కడ మొదలవాలో ఆ క్రియే చెబుతోంది.

బయటికొచ్చాక ఆ ఆవిరి ఏం చేసిందో చెప్పడానికీ సరైన మాట కావాలి. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లకు పైగా బరువు. అది పైకెగిరిపోలేదు. నేలబారుగా పరుచుకుని, పల్లపు వీధుల్లో అలుముకుంది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు ఎటు పరుగెత్తాలో తెలియక దారిలోనే కుప్పకూలారు. పశువులు కట్టుగొయ్యల దగ్గరే పడిపోయాయి. పరిశ్రమల చుట్టూ బతికే ఊళ్లకు ముందే చెప్పి ఉంచాల్సింది ఇదే: ఇది ఎగిరే గ్యాసా, దిగే గ్యాసా? దిగేదైతే ఎత్తుకు చేరాలి, గాలి వీచే దిశకు అడ్డంగా పక్కకు తప్పుకోవాలి. ‘లీకైంది, పారిపోండి’ అని చెబితే ఎటు పోవాలో చెప్పనట్టే.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల నోటి మాటలు సేకరింపజేసి 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం తెచ్చారు. తర్వాత చేనేత మాటలకూ సంపుటం వచ్చింది. విశాఖ పరిసరాల్లోని గాజువాక, పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో వాల్వుల దగ్గర పనిచేసేవాళ్ల మాటలను కూడా అంత శ్రద్ధగా సేకరించాలి. ప్రమాద హెచ్చరికలు ఆ మాటల్లో రాస్తే చదివేవాడికి అర్థమవుతాయి.

న్యాయస్థానాల్లో మాట విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో 1868 నాటి రైలాండ్స్ కేసులో తీర్పు ‘ఎస్కేప్’ అనే క్రియ చుట్టూ తిరిగింది. ప్రమాదకరమైనదాన్ని తన స్థలంలో పోగుచేసుకున్నవాడు అది తప్పించుకుపోయి పొరుగువాడికి హాని చేస్తే, తన తప్పు లేకపోయినా జవాబు చెప్పాలి. దీన్నే కఠిన బాధ్యత అన్నారు. దైవఘటన అనో, మూడో మనిషి చేసిన పని అనో చెప్పి తప్పుకునే వీలు మాత్రం అందులో మిగిలింది. 1984లో భోపాల్, 1985లో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ ఓలియం ఘటన చూశాక, 1986లో ఎం.సి. మెహతా కేసులో జస్టిస్ భగవతి ధర్మాసనం ఆ మినహాయింపులన్నీ తీసేసింది. అది సంపూర్ణ బాధ్యత. వెంకటాపురం ఘటన మర్నాడే, మే 8న, జాతీయ హరిత ట్రైబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయమని ఆదేశించింది. ఆ ఆదేశంలో రాసింది కఠిన బాధ్యత అని. మెహతా తీర్పు వచ్చి ముప్పై ఏళ్లు దాటాక ఆ పాత మాట ఎందుకని న్యాయకోవిదులు వెంటనే ప్రశ్నించారు. జూన్ 1 నాటి ఉత్తర్వులో సంపూర్ణ బాధ్యత కూడా చేరింది. ఒక్క విశేషణంతో తప్పుకునే దారులు మూసుకుపోయాయి.

తెలుగు క్రియకు ఇంకో బలం ఉంది. కారు, కార్చు; ఓడు, ఓడ్చు; ఆగు, ఆపు. మొదటిది దానంతటది జరిగేది, రెండోది ఎవరో చేసేది. ‘లీకైంది’ మొదటి రకం మాట. అందులో మనిషి జాడ లేదు. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ఏర్పాటైన ఉన్నతస్థాయి కమిటీ 2020 జులైలో ఇచ్చిన నివేదికను తెలుగులో చెప్పుకుంటే ఆ జాడ తెలుస్తుంది. శీతలీకరణ ఆగలేదు, రాత్రుళ్లు ఆపారు. వేడిని ట్యాంకు అడుగున మాత్రమే కొలిచారు, పైపొరల్లో కొలవలేదు. టీబీసీ సరిపడా కలపలేదు. ఆ రాత్రి సైరన్ మోగలేదని వెంకటాపురం వాసులు అప్పుడే అన్నారు. సైరన్‌ను మోగించే వీలు ఫ్యాక్టరీలో 36 చోట్ల ఉంది, గేటు దగ్గర కూడా ఉంది. మోగించలేదు.