ఎడారి ఊళ్లకు నీళ్లు మోసే ఆట

సరుకు పుట్టే చోటు ఒకటి, అది అవసరమయ్యే చోటు మరొకటి అయినప్పుడు ఆ రెంటినీ రోడ్డుతోనో రైలు పట్టాలతోనో కలిపి, బండ్లు కొని, వాటి రాకపోకలు నడిపి, వచ్చిన బాడుగతో అప్పు తీర్చుకుంటూ కంపెనీని పెంచుకోవడమే పనిగా గల కంప్యూటర్ ఆటలను రవాణా నిర్వహణ ఆటలు అంటారు. వీటిలో అత్యంత ప్రఖ్యాతి పొందినది 'ట్రాన్స్‌పోర్ట్ టైకూన్'. స్కాట్లండ్‌కు చెందిన క్రిస్ సాయర్ రూపొందించిన ఈ ఆటను మైక్రోప్రోస్ సంస్థ 1994లో విడుదల చేసింది. మరుసటి ఏడాది దాని మెరుగైన రూపం 'ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్' వచ్చింది. ఆ ఆట లోపలి పనితీరును విడదీసి పరిశీలించిన లుడ్విగ్ స్ట్రిజియస్ అనే ప్రోగ్రామర్ 2004లో దాన్ని కొత్తగా రాసి, అందరూ ఉచితంగా వాడుకునేలా, మార్చుకునేలా బయట పెట్టాడు. అదే నేటి 'ఓపెన్ టీటీడీ'. పేరు చివరి మూడక్షరాలు ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్‌కు పొడి అక్షరాలే తప్ప తిరుమలతో వాటికి సంబంధం లేదు. సాధారణమైన పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది కనుక, ఈ తరహా ఆటలను కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంతకంటే అనువైనది లేదనవచ్చు.

ఆట మొదలయ్యేది బొగ్గుతో. గనిలో పుట్టే బొగ్గును విద్యుత్ కేంద్రానికి చేర్చడం కొత్తవారికి తొలి పాఠంగా చెప్పడం ఈ ఆటలో ఆనవాయితీ. కడప జిల్లావాసులకు ఈ పాఠం పుస్తకంలో చదవవలసినది కాదు. ముద్దనూరు, ఎర్రగుంట్లల నడుమ, తొలి తెలుగు శాసనం దొరికిన కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దాని మొదటి యూనిట్ పని మొదలుపెట్టినది కూడా 1994లోనే. జిల్లాలో బొగ్గు గని ఒక్కటీ లేకపోయినా ఆ కేంద్రం మండుతూనే ఉన్నదంటే, వందల కిలోమీటర్ల అవతల సింగరేణి నుంచి గూడ్సు బండ్లు బొగ్గు మోసుకొస్తున్నాయి కనుకనే. అదే ఎర్రగుంట్ల చుట్టుపక్కల సున్నపురాయి సమృద్ధిగా దొరకడం వల్ల వెలసిన సిమెంటు ఫ్యాక్టరీల సరుకు మళ్లీ రైళ్ల మీదే బయటికి పోతుంది. ఎక్కడ ఏది పుడుతుంది, ఎక్కడ ఏది కరువు, ఆ రెంటి మధ్య దూరమెంత అన్న మూడు ప్రశ్నలు వేసుకోగలిగినవారికి ఈ ఆటలో సగం పని అయినట్టే.

మొదటిసారి ఆడేవారు పటాన్ని చిన్నదిగా ఎంచుకోవడం మంచిది. ఆటలోని నేల చదరపు గళ్లుగా ఉంటుంది. ఒక్కో వైపు 64 గళ్ల నుంచి 4096 గళ్ల దాకా పటాన్ని పెంచుకోవచ్చు గాని, 256 గళ్ల పటం తొలి నెలలకు పుష్కలంగా సరిపోతుంది. బండ్లు దారిలో చెడిపోయి ఆగడాన్ని తగ్గించే అమరిక ఉంది. దాన్ని 'తక్కువ' అన్న చోట ఉంచాలి. నైపుణ్యం లేని దశలో ఇతర పోటీ కంపెనీలను పెట్టుకోవడం వృథా. మామూలు అమరికలో ఆట 1950వ సంవత్సరంలో మొదలవుతుంది, కంపెనీ చేతిలో లక్ష పౌండ్ల అప్పు ఉంటుంది, కావాలంటే దాన్ని మూడు లక్షల దాకా పెంచుకోవచ్చు, అప్పు మీద వడ్డీ పడుతూ ఉంటుంది. ఆటను ఎప్పుడైనా నిలిపి ఉంచి, కాలం కదలకుండానే పటమంతా పరిశీలించవచ్చన్న సంగతి చాలామంది కొత్తవారికి ఆలస్యంగా తెలుస్తుంది. మొదటి పట్టా వేయకముందే గనులన్నిటినీ నొక్కి చూసి, నెలకు ఏది ఎన్ని టన్నులు తీస్తుందో గమనించుకోవాలి.

బాడుగ లెక్క మూడింటి మీద ఆధారపడుతుంది: సరుకు ఎంత, ఎంత దూరం వెళ్లింది, ఎన్ని రోజులలో చేరింది. ఇందులో దూరమంటే బండి తిరిగిన దూరం కాదు. ఎక్కిన స్టేషన్‌కూ దిగిన స్టేషన్‌కూ నడుమ అడ్డంగా ఎన్ని గళ్లు, నిలువుగా ఎన్ని గళ్లు అన్నదాని మొత్తం మాత్రమే. కొండ చుట్టూ వంకర్లు తిరిగి వెళ్లినందువల్ల బాడుగ పెరగదు, పైగా రోజులు పెరిగి తగ్గుతుంది. ఊళ్లో ఈ వీధి నుంచి ఆ వీధికి బస్సు నడిపితే ఎందుకు డబ్బు రాదో, దూరంగా ఉన్న గనికి రైలు వేస్తే ఎందుకు వస్తుందో ఈ ఒక్క సూత్రం చెబుతుంది. ఆలస్యాన్ని అన్ని సరుకులూ ఒకే విధంగా భరించవు. బొగ్గు నెమ్మదిగా చేరినా దాని విలువ పెద్దగా పోదు. ప్రయాణికులు, టపా, ఆహారం మాత్రం రోజు రోజుకూ విలువ కోల్పోతాయి. పత్తికొండ టమాటా మార్కెట్‌లో లారీ ఆలస్యమైతే ఏమవుతుందో ఎరిగిన రైతుకు ఈ తేడాను విడమరచి చెప్పనక్కరలేదు.

తొలి మార్గానికి గని పక్కన ఒక స్టేషన్, విద్యుత్ కేంద్రం పక్కన ఒక స్టేషన్, వాటి నడుమ ఒంటి పట్టా, పట్టా పక్కన రైళ్లను కొని మరమ్మతు చేసే డిపో, ఒక ఇంజిను, కొన్ని బొగ్గు వ్యాగన్లు చాలు. ప్రతి స్టేషన్‌కూ చుట్టూ కొన్ని గళ్ల పరిధి ఉంటుంది. గని ఆ పరిధిలోకి రాకపోతే ప్లాట్‌ఫారం మీదికి బొగ్గు రాదు. పరిధి సరిగానే ఉన్నా స్టేషన్ ఖాళీగా కనబడడం కొత్తవారిని కలవరపెడుతుంది. ఇది లోపం కాదు: ఒక సరుకును ఎక్కించుకోవడానికి మొదటి బండి వచ్చి నిలిచిన తర్వాతే ఆ స్టేషన్‌కు ఆ సరుకు రావడం ఆరంభమవుతుంది. అందుకే బండికి ఇచ్చే ఆదేశాల పట్టికలో గని స్టేషన్ దగ్గర 'నిండా లోడు అయ్యేదాకా ఆగు' అన్న ఆదేశాన్ని చేర్చాలి. గని తీసే బొగ్గులో స్టేషన్‌కు ఎంత వంతు చేరుతుందన్నది ఆ స్టేషన్ సేవ ఎంత బాగుందన్నదాని మీద ఆధారపడుతుంది, దాన్ని ఆట శాతాలలో చూపిస్తుంది. బండ్లు తరచుగా వస్తే, వేగంగా నడిచేవైతే, సరుకు గుట్టలుగా పేరుకుపోకుండా ఉంటే శాతం పెరుగుతుంది. ఒక బండి ఎప్పుడూ లోడు అవుతూ నిలిచి ఉంటే శాతం పడిపోదు కనుక, మొదటి రైలు లాభం చూపగానే రెండో రైలు కొనడం సరైన క్రమం.

ఈ క్రమం తప్పడమే కొత్తవారిని ముంచుతుంది. మూడు లక్షల అప్పూ ఒకేసారి తీసుకుని, అరడజను ఊళ్లను పట్టాలతో కలిపి, ఆ తర్వాత సరుకు కోసం వెతికే కంపెనీ రెండు మూడేళ్లలో వడ్డీ కట్టలేక దివాలా తీస్తుంది. ఇది తెర మీది ముచ్చటే కాదు, కర్నూలు, కడప ప్రాంతపు చరిత్రలో నిజంగా జరిగిన సంగతి. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కుందూ లోయ మీదుగా పెన్నా దాకా కాలువ తవ్వి, దాన్ని సాగుకూ పడవల రాకపోకలకూ కూడా వాడాలన్న ఆలోచన సర్ ఆర్థర్ కాటన్‌ది. ఆ పనిని చేపట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పెట్టుబడిలో పది లక్షల పౌండ్లకు ఏటా 5 శాతం వడ్డీ వస్తుందని ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1863లో మొదలై 1870 నాటికి సుమారు 300 కిలోమీటర్ల కర్నూలు–కడప కాలువ తయారైంది. ఖర్చు అంచనాలను దాటింది. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకుంటున్న రైతులు వానలు బాగా కురిసిన ఏడాది డబ్బు కట్టి నీరు పెట్టుకోవడానికి ముందుకు రాలేదు. పడవలకు ఆశించినంత సరుకూ దొరకలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. తవ్వకంలో నైపుణ్యం కొరవడి కంపెనీ ఓడిపోలేదు. గిరాకీ నిలదొక్కుకోకముందే మోసే ఏర్పాటంతా పూర్తి చేయడం వల్ల ఓడిపోయింది. ఆ కాలువే తర్వాతి తరాలలో రెండు లక్షల అరవై ఐదు వేల ఎకరాలకు ఆధారమైంది గనుక దాన్ని తవ్వించినవారి చూపును తప్పుపట్టడం న్యాయం కాదు. కాని వడ్డీ తరతరాల దాకా ఆగదు. ఆట ఆడేవారు దీన్ని తమ లెక్కల పుస్తకంలో రాసుకోవలసిందే.

రెండు మూడు రైళ్లు ఒకే పట్టా మీదికి వచ్చేసరికి సిగ్నళ్ల అవసరం తలెత్తుతుంది. చాలామంది ఆటను వదిలిపెట్టేది ఇక్కడే కాబట్టి ఈ భాగానికి తీరిక కేటాయించాలి. రెండు సిగ్నళ్ల నడుమ ఉన్న పట్టా భాగాన్ని బ్లాక్ అంటారు; ఒక బ్లాక్‌లో ఒక రైలు ఉండగా మరొకటి ప్రవేశించకుండా సిగ్నల్ ఆపుతుంది. 2016లో పూర్తిగా తెరుచుకున్న నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం ఒంటి లైను. బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా సాగే ఇటువంటి మార్గంలో రైలు ఒక చిన్న స్టేషన్‌లో కారణం లేకుండా ఆగినట్టు కనబడితే, ఎదురుగా మరో బండి వస్తున్నదని, క్రాసింగ్ పడిందని ప్రయాణికులే చెప్పుకుంటారు. ఆటలోనూ ఒంటి పట్టాకు అక్కడక్కడ పక్కకు తప్పుకునే లూప్ లైన్లు వేసి, వాటి చివర్లలో మాత్రమే సిగ్నళ్లు పెట్టాలి. నడి పట్టా మీద సిగ్నల్ పెడితే రెండు రైళ్లు ఎదురెదురుగా వచ్చి నిలిచిపోతాయి, ఇక ఏదీ కదలదు. ఇప్పటి ఓపెన్ టీటీడీలో 'పాత్ సిగ్నల్' అనే రకం ఉంది: రైలు ముందుకు కదలడానికి ముందే తాను వెళ్లవలసిన దారిని తదుపరి ఆగే చోటు దాకా తన పేర రిజర్వు చేసుకుంటుంది, ఆ దారికి అడ్డురాని ఇతర రైళ్లు అదే కూడలిలో ఒకేసారి సాగిపోవచ్చు. రైలు నిలిచినా ఇతరులకు అడ్డు కాని చోటనే సిగ్నల్ పెట్టాలన్న నియమాన్ని పట్టుకుంటే, డోన్ జంక్షన్ వంటి, కర్నూలు, నంద్యాల, గుత్తి వైపుల దారులు కలిసే కూడలిని కూడా ఆటలో నిర్మించవచ్చు.

నాలుగు రకాల వాతావరణాలలో సమశీతోష్ణ పటం మీద ఈ పాఠాలు పట్టుబడ్డాక, రాయలసీమవారు తప్పక ఆడవలసినది ఉప ఉష్ణమండల పటం. అక్కడ బొగ్గు ఉండదు. నూనె బావులు, రాగి గనులు, రబ్బరు తోటలు, మొక్కజొన్న పొలాలు ఉంటాయి. వజ్రాల గనులు కూడా ఉంటాయి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రాల కోసం జనం వెతకడం చూసినవారికి అవి పరాయివిగా తోచవు. పటంలో కొంత భాగం ఎడారి. ఎంత శాతం ఎడారి ఉండాలో ఆడేవారే నిర్ణయించుకోవచ్చు. ఎడారిలోని ఊరు జనాభా 60 దాటాక, బయటి నుంచి నీరూ ఆహారమూ రెండూ అందితేనే పెరుగుతుంది. ఏ ఒక్కటి ఆగినా పెరుగుదల ఆగిపోతుంది. నీటి వనరు దగ్గర నింపిన ట్యాంకర్ వ్యాగన్లు ఊళ్లోని ఓవర్‌హెడ్ ట్యాంకు పక్కన ఖాళీ కావాలి. ఆహారం కథ దీర్ఘమైనది: పంట పొలాలు ఎడారిలో వెలవవు గనుక మొక్కజొన్ననో పండ్లనో ఎడారి అవతల ఎక్కించి, ఆహార ఫ్యాక్టరీకి చేర్చి, అక్కడ తయారైన సరుకును తిరిగి ఎడారి ఊరికి తేవాలి. ఈ పనికి మొదట్లో వచ్చే లాభం కొద్దిపాటిదే. ఊరు పెరిగి, ప్రయాణికులూ టపా పెరిగాక ఆ ఖర్చు తిరిగి వస్తుంది. కాబట్టి నూనె మార్గమో రాగి మార్గమో స్థిరమైన ఆదాయం ఇస్తున్నప్పుడే ఒక ఎడారి ఊరిని, ఒక్కదాన్నే, ఎంచుకుని నీరు మోయడం మొదలుపెట్టాలి. ఎడారి శాతాన్ని బాగా పెంచి ఆడితే, కరువు ప్రాంతంలో పట్టణం ఎందుకు ఆలస్యంగా ఎదుగుతుందో లెక్కలతో సహా అర్థమవుతుంది. ఇతర వినోదాలలో దొరకని ఈ అవగాహన కోసమైనా సీమ యువత ఈ పటాన్ని ఒకసారి తెరవాలి.

కొంత అనుభవం వచ్చినవారు సొంత ప్రాంతపు నేలనే పటంగా చేసుకోవచ్చు. ఎత్తైన చోటును తెల్లగా, పల్లాన్ని నల్లగా చూపే బొమ్మను ఇస్తే ఓపెన్ టీటీడీ దాన్ని కొండలు, లోయలుగా మారుస్తుంది. పడమట ఎర్రమలలు, తూర్పున నల్లమలలు, నడుమ కుందూ లోయ ఉన్న బొమ్మను ఇచ్చి, ఊళ్ల పేర్లు తెలుగు ఊళ్లవే పెట్టుకుంటే, నంద్యాల నుంచి తూర్పుకు రైలు వేయడం ఎంత కష్టమో మొదటి ప్రయత్నంలోనే తెలుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువైన గూడ్సు నడక వేగానికి పడిపోతుంది. సొరంగం, వంతెన రెండూ ఖరీదైనవి. నిజమైన నల్లమలలో 19వ శతాబ్దపు మీటర్ గేజ్ లైను దొరబావి దగ్గర లోయను ఎత్తైన వంతెన మీద దాటింది. గేజ్ మార్పిడి తర్వాత ఆ వంతెన వాడుక నుంచి తప్పుకుంది.

అదే పటం మీద కాటన్ కాలువను కూడా తవ్వి చూడవచ్చు. ఆటలో కాలువ సమతలం మీదే పారుతుంది, నేల ఒక మెట్టు దిగిన ప్రతిచోటా పడవను దించే లాకు కట్టాలి, దారి దూరమైతే పడవ దారి తప్పకుండా అక్కడక్కడ నీటి మీద తేలే బోయలను ఉంచి వాటిని ఆదేశాల పట్టికలో చేర్చాలి. పడవలు రైళ్లకంటే చాలా నెమ్మది గనుక ఆహారాన్నీ ప్రయాణికులనూ వాటికి అప్పగించకూడదు. ఆలస్యాన్ని భరించే నూనెకూ రాగి ముడి ఖనిజానికీ అవి సరిపోతాయి.