పని పోయినా పరిహారం పోదు

ఎకరం, అరెకరం ఉన్న రైతుకు సేద్యం ఒక్కదాని మీదే ఏడాదంతా గడవదు. కోతలయ్యాక రైసుమిల్లుకో, జిన్నింగు మిల్లుకో కూలికి పోక తప్పదు. అక్కడ బెల్టులో చెయ్యి పడితే యజమాని నాలుగు రోజులు ఆస్పత్రి ఖర్చు పెట్టుకుంటాడు. కట్టు విప్పాక "ఈ చేత్తో ఏం పని చేస్తావయ్యా, రేపట్నించి రావద్దు" అంటాడు. పదివేలు చేతిలో పెట్టి కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. చాలామంది అంతటితో సరిపెట్టుకుంటున్నారు.

పనిలోంచి తీసేయడం వేరు, దెబ్బకు ఇచ్చే పరిహారం వేరు. మొదటిది జరిగినంత మాత్రాన రెండోది పోదు. పరిహారానికి ఇంతకాలం 1923 నాటి చట్టం ఆధారం. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. లెక్క కట్టే తీరు మాత్రం పాతదే.

నలభై ఏళ్ల మనిషి, నెలకు రూ.12,000 జీతం, ఒక చేతికి రెండు వేళ్లు తెగిపోయాయి అనుకుందాం. జీతంలో 60 శాతం రూ.7,200. ఆ వయసుకు చట్టంలో ఉన్న గుణకం 184.17. రెండూ హెచ్చవేస్తే రూ.13,26,024. ఇది ఇక ఏ పనీ చేయలేని స్థితికి వచ్చే సొమ్ము. రెండు వేళ్లకు నష్టం 20 శాతంగా రాశారు కనుక రూ.2,65,205 రావాలి. వైద్యం ఖర్చు దీనికి అదనం. పదివేలకు వేలిముద్ర వేసినవారు ఈ అంకె ఒకసారి చూసుకోవాలి.

ఆ శాతమైనా ఆఖరి మాట కాదు. ఒడిశాలో ఒక వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేయాల్సి వస్తే, ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కనుక నూరు శాతం నష్టమేనని 1975లో సుప్రీంకోర్టు తేల్చింది.

హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదు. మేస్త్రీ పిలిస్తే వెళ్లినవారికీ మిల్లు యజమానే బాధ్యుడు. ఏమరుపాటు నీదే అన్నా పరిహారం ఆగదు. తాగి మిషను దగ్గరకు వెళితే మాత్రం చిక్కే. పదిమంది, ఆపైన పనిచేసే చోట రూ.21,000 లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ ఉంటుంది. అక్కడ పరిహారం ఈఎస్ఐ నుంచే వస్తుంది.

ఇక ఉద్యోగం సంగతి. అన్యాయంగా తీసేశారని జిల్లా కార్మికశాఖ అధికారి దగ్గర అర్జీ పెట్టవచ్చు. రాజీ కుదరకపోతే ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. నిజం చెప్పాలంటే సీజను కూలీకి ఈ దారిలో బలం తక్కువ, ఏడాది పొడవునా చేసినవారికే పట్టు ఉంటుంది. అందుకే పరిహారం దారి ముందు పట్టాలి.

పరిహారం దరఖాస్తుకు గడువు ప్రమాదం జరిగిన నాటినుంచి రెండేళ్లు. ఎక్కడో వలస వెళ్లి దెబ్బ తగిలినా, సొంత ఊరున్న జిల్లాలోనే వేసుకోవచ్చు. ఆస్పత్రిలో చేరిన రోజే "మిల్లులో తగిలిన దెబ్బ" అని చీటీలో రాయించుకోండి. జారిపడ్డాడని రాయిస్తే తరువాత ఎంత మొత్తుకున్నా కష్టం. యజమానికి స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి, రసీదు దాచుకోవాలి. పక్కన పనిచేసినవాళ్ల పేర్లు రాసి ఉంచుకోవాలి. లాయరు ఫీజుకు భయపడనక్కర్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్మికులకు ఉచితంగా లాయరును పెడుతుంది. ఫోను నంబరు 15100.

మరో మాట. ట్రాక్టరో, నూర్పిడి మిషనో ఉన్న రైతు దగ్గర కూలీకి దెబ్బ తగిలితే ఇదే లెక్క రైతు మీదా పడుతుంది. మిషనుకు బీమా కట్టేటప్పుడే దాని మీద పనిచేసే కూలీలకూ కట్టించుకోవాలి.