పైపు ముందు పడిగాపులు

రేడియో మీట త్రిప్పితిమి, ధ్వని రాలేదు. కార్యక్రమము ఇంకను ప్రారంభము కాలేదా? నాటి ప్రసారము ముగిసినదా? లేక కేంద్రముతో సంబంధమే కుదరలేదా? చెవికి మూడును ఒక్కటియే. మనము చేయవలసిన పని మాత్రము మూడింటికిని వేరు. మొదటిదైనచో వేచియుండవలెను. రెండవదైనచో రేడియో కట్టివేయవలెను. మూడవదైనచో ఏరియలు చూచుకొనవలెను. కంప్యూటరు చేయవలసిన పనులను వరుసగా వ్రాసియుంచు స్క్రిప్టులకును ఇట్టి చిక్కే కలదు.

ఒక ప్రోగ్రాము వెలువరించిన ఫలితమును నేరుగా మరియొక ప్రోగ్రామునకు అందించు ఏర్పాటునకు పైపు అని పేరు. తోటకు నీరు పట్టు గొట్టములను బిగించినట్లు ప్రోగ్రాములను కలుపు మార్గముండవలెనని అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లో సూచించెను. 1973లో కెన్ థామ్సన్ దానిని యునిక్స్ వ్యవస్థలో అమర్చెను. నేటి లినక్సులో పైపు సామాన్యముగా 65,536 బైట్లను పట్టును. అది నిండినచో వ్రాయు ప్రోగ్రాము ఆగును. ఖాళీయైనచో చదువు ప్రోగ్రాము ఆగును. వేగము గలదియు, మందమైనదియు కలిసి నడచుటకు ఈ ఆగుటయే ఆధారము.

ఆ ఆధారమే ఒక్కొక్కప్పుడు ముప్పు తెచ్చును. రాత్రివేళ తనంతట తానే నడువవలసిన స్క్రిప్టునొకదానిని మేము వ్రాసితిమి. పైపు నుండి పేర్ల పట్టిక వచ్చినచో గ్రహించుట, రానిచో పాత పట్టికతో పని సాగించుట దాని ధర్మము. ఉదయము చూచునప్పటికి అది నిలిచిన చోటనే నిలిచియున్నది. పైపు రెండవ కొనను తెరచియుంచిన ప్రోగ్రాము ఏమియు వ్రాయలేదు; మూయనును లేదు. ఆనాటి ఉత్తరములు మధ్యాహ్నము దాక కదలలేదు.

ఇట్టి చోట అందరును చెప్పు తొలి ఉపాయము "టెస్ట్" ఆజ్ఞకు "టి" సూచికను, సున్నను ఇచ్చి ప్రశ్నించుట. స్క్రిప్టు ప్రవేశద్వారమున ఉన్నది మనిషి అక్షరములు కొట్టు టెర్మినలేనా యని అది చెప్పును. అవునన్నచో పైపు లేదు. కాదన్నంత మాత్రమున సమాచారము వచ్చునని కాదు. మా స్క్రిప్టు ఆ పరీక్ష చేసియే మోసపోయినది.

రెండవ ఉపాయము బ్యాష్ నందలి "రీడ్" ఆజ్ఞకు "టి" సూచికతో గడువిచ్చుట. గడువు సున్నయైనచో అది ఏమియు చదువదు. చదువబోయినచో ఆగవలసివచ్చునా, రాదా యని మాత్రము తెలుపును. ఇందు ఇంకను పెద్ద కీడు కలదు. పైపునకు ఇరువైపుల ప్రోగ్రాములు ఇంచుమించు ఒక్కమారే బయలుదేరును. ఎడమవైపున "సార్ట్" ఉన్నదనుకొనుడు. పంక్తులను క్రమమున పేర్చు ఆ ప్రోగ్రాము పట్టికయంతయు చదువక పూర్వము ఒక్క పంక్తియైనను వెలువరింపజాలదు. ఇంతలో మన స్క్రిప్టు తొంగిచూచి, ఏమియు లేదని నిశ్చయించి, పాత పట్టికతోనే పని ముగించును. ఆగిపోయిన పని కంటబడును. తప్పుగా పూర్తియైన పని కంటబడదు.

కావున కొన్ని క్షణముల గడువిచ్చి, ఆజ్ఞ తిరిగి యిచ్చు ఫలితసంఖ్యను చూడవలెను. గడువు తీరినచో "రీడ్" 128 కంటె పెద్ద సంఖ్య నిచ్చును. ఆవలి కొన మూతపడినచో 1 నిచ్చును. మొదటిదానికి "ఇంకను రాలేదు" అనియు, రెండవదానికి "ఇక రాదు" అనియు అర్థము. పట్టికలోని కడపటి పంక్తి చివర పంక్తిచిహ్నము లేనప్పుడు 1 వచ్చినను చదివిన అక్షరములు మిగిలియుండును, వానిని పారవేయరాదు.

గడువు ఎంత యుండవలెననుటకు ఒక లెక్క లేదు. ఊహించుటకంటె చెప్పించుకొనుట మేలు. పైపు నుండి చదువుమని తెలుపుటకు ఆజ్ఞ చివర చిన్నగీత నుంచుట అనేక యునిక్స్ ప్రోగ్రాములలో వాడుక. చదువనక్కరలేని చోట ప్రవేశద్వారమునకు "డెవ్ నల్" అను శూన్యమును తగిలించినచో సమాప్తి తక్షణమే తెలియును. మేమిప్పుడు ఈ రెండును పాటించుచున్నాము. చదువుమని చెప్పిన పిమ్మట గడువు తీరినచో, మా స్క్రిప్టు పాత పట్టిక జోలికి పోదు. పట్టిక రాలేదని తెలిపి ఆగును. ఉత్తరములు ఆలస్యమైనను కావచ్చును గాని, తప్పు చిరునామాలకు పోవు.