ఆఖరి స్థానంలో ఉన్న జట్టే చాంపియన్! 1916 మెల్‌బోర్న్ ఫైనల్ కథ

మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ అనగానే మనకు క్రికెట్టే గుర్తొస్తుంది. 1992లో ఇమ్రాన్ ఖాన్ జట్టు వరల్డ్ కప్ అందుకుంది అక్కడే. కానీ ఆ ఊళ్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లల్ని అడిగి చూడండి. చలికాలం వస్తే అక్కడి జనం మాట్లాడుకునేది మరో ఆట గురించి అని చెప్తారు. అదే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. ముద్దుగా 'ఫుటీ' అంటారు.

ఈ ఆట చరిత్రలో ఒక వింత ఉంది. 1916లో పాయింట్ల పట్టికలో అట్టడుగున నిలిచిన ఫిట్జ్‌రాయ్ జట్టే ఆ ఏడాది చాంపియన్ అయింది. మోసం లేదు, లంచం లేదు. అంతా రూల్ ప్రకారమే జరిగింది. మరి అదెలా సాధ్యం?

ముందు ఆట సంగతి

జట్టుకు 18 మంది. మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండు స్తంభాల నడుమ బంతిని తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క స్తంభాల మధ్య నుంచి పోతే 1 పాయింటే. అప్పట్లో పెద్ద పోటీ విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్‌ది. 1915లో అందులో తొమ్మిది జట్లు ఆడాయి.

యుద్ధం వచ్చిపడింది

అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. 1915 ఏప్రిల్ 25న ఆస్ట్రేలియా సైనికులు టర్కీ తీరంలోని గలిపోలిలో దిగారు. కాలింగ్‌వుడ్ తరఫున ఆడిన అలాన్ కార్డ్నర్ ఆ మొదటి రోజే చనిపోయాడు. 1916 జులైలో ఫ్రాన్స్‌లోని ఫ్రొమెల్ దగ్గర ఒక్క రాత్రిలో 5,500 మందికి పైగా ఆస్ట్రేలియన్లు చనిపోయారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు.

అక్కడ కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటుంటే ఇక్కడ బంతాట ఏంటి? ఒంట్లో బలమున్నవాళ్లు సైన్యంలో చేరొద్దా? ఇదీ కొందరి వాదన. వారమంతా ఫ్యాక్టరీలో కష్టపడేవాడికి శనివారం మధ్యాహ్నం ఉన్న ఒక్క సంతోషం ఇదే, దాన్నీ లాక్కుంటారా? ఇది రెండో వాదన. రెండు వైపులా ఇళ్లల్లోంచి కుర్రాళ్లు యుద్ధానికి వెళ్లినవాళ్లే. అందుకే ఈ గొడవ అంత తేలిగ్గా తెగలేదు.

చివరికి మెల్‌బోర్న్, ఎసెండన్, జీలాంగ్, సౌత్ మెల్‌బోర్న్, సెయింట్ కిల్డా 1916లో ఆడలేదు. మిగిలినవి కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్, రిచ్‌మండ్, ఫిట్జ్‌రాయ్. నాలుగూ కార్మికులు ఎక్కువగా ఉండే పేటల జట్లే.

అసలు మలుపు ఇక్కడే

లీగ్ రూల్ ప్రకారం మొదటి నాలుగు స్థానాల్లో ఉన్న జట్లు సెమీఫైనల్‌కు వెళ్తాయి. తొమ్మిది జట్లున్నప్పుడు ఆ రూల్ సరిగ్గానే పనిచేసింది. కానీ ఇప్పుడు ఉన్నవే నాలుగు! అంటే ఎవరు ఎన్ని ఓడినా సెమీస్ ఖాయం.

ఒక్కో జట్టు 12 మ్యాచ్‌లు ఆడింది. కార్ల్‌టన్ 10 గెలిచి పైన నిలిచింది. ఫిట్జ్‌రాయ్ గెలిచింది రెండే. తొమ్మిది ఓడింది, ఒకటి డ్రా. మామూలు ఏడాదైతే వాళ్ల ఆట అక్కడితో సరి. కానీ సెమీఫైనల్‌లో ఫిట్జ్‌రాయ్ రెండో స్థానంలో ఉన్న కాలింగ్‌వుడ్‌ను ఓడించింది. ఆ తర్వాత ఫైనల్‌లో కార్ల్‌టన్‌ను కూడా ఓడించింది.

అయినా కథ ముగియలేదు. పట్టికలో మొదటి స్థానంలో ఉన్న జట్టు ఫైనల్ ఓడిపోతే, మళ్లీ సవాలు చేసే హక్కు రూల్‌లోనే ఉంది. సీజన్ అంతా బాగా ఆడినవాళ్లకు ఒక్క రోజు పొరపాటుతో అన్యాయం జరగకూడదని పెట్టిన రూల్ అది. కార్ల్‌టన్ ఆ హక్కు వాడుకుంది.

1916 సెప్టెంబర్ 2, శనివారం. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌కు 21 వేల మందికి పైగా వచ్చారు. ఫిట్జ్‌రాయ్ 12 గోల్స్‌తో కలిపి 85 పాయింట్లు చేసింది. కార్ల్‌టన్ 8 గోల్స్‌తో 56 దగ్గరే ఆగింది. తేడా 29 పాయింట్లు. పది మ్యాచ్‌లు గెలిచిన కార్ల్‌టన్‌కు రెండో అవకాశం కూడా దొరికింది. దాన్నీ ఫిట్జ్‌రాయ్ దాటేసింది. కాబట్టి ఇది ఉత్త అదృష్టం అనలేం.

ఆ తర్వాత

తప్పుకున్న జట్లు ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి. 1919కల్లా మళ్లీ తొమ్మిదీ ఆడాయి. ఫిట్జ్‌రాయ్ మాత్రం 1996లో ఆఖరి మ్యాచ్ ఆడి బ్రిస్బేన్ జట్టులో కలిసిపోయింది. ఇప్పుడున్న బ్రిస్బేన్ లయన్స్ అలా పుట్టిందే. ఒకే ఏడాది అడుగు స్థానం, చాంపియన్ పట్టం రెండూ అందుకున్న జట్టు ఆ లీగ్‌లో ఇంకొకటి లేదు.

రికార్డు పుస్తకంలో అది ఒక్క లైను: 1916, ఫిట్జ్‌రాయ్. ఆ లైను చదివేటప్పుడు ఆ ఏడాది మైదానంలోకి రాని ఐదు జట్లను కూడా గుర్తుంచుకోవాలి. యుద్ధం నుంచి తిరిగిరాని ఆటగాళ్లనూ అంతే.