వార్డెన్ సంతకం

ఖరగ్‌పూర్: అమెరికాలోని అలబామా రాష్ట్రం, మేకన్ కౌంటీలో 1932 నుంచి 1972 వరకు ఆ దేశపు ప్రజారోగ్య శాఖ సుమారు 600 మంది నల్లజాతి పురుషులను పరిశీలనలో ఉంచింది. వారిలో 399 మందికి సిఫిలిస్ వ్యాధి ఉంది. ఆ మాట దాచి, ‘చెడురక్తం’ అన్నారు. 1940ల చివరినాటికి పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చినా వారికి అందనీయలేదు. వైద్యం లేకుంటే ఆ రోగం మనిషినేమి చేస్తుందో చూడటమే పరిశోధన. ఈ ఉదంతం ఆధారంగా డేవిడ్ ఫెల్డ్‌షూ అనే వైద్యుడు రాసిన నాటకం ‘మిస్ ఎవర్స్ బాయ్స్’ 1989లో బాల్టిమోర్‌లో రంగస్థలమెక్కింది. ఢిల్లీ నుంచి వస్తూ రైలులో దానిని చదివాను.

ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన తెలుగు పెద్దలకు ఆ కథ చెప్పాను. ఒకాయన డాక్టర్ల ఊసెత్తలేదు. “ఆ నర్సమ్మకి తెలుసా బాబూ?” అని మాత్రం అడిగారు.

తెలుసు. నాటకానికి ప్రాణం అదే. ఆమె వారి జాతి మనిషి, వారి కష్టసుఖాలు ఎరిగిన మనిషి. వారు నమ్మినది ప్రభుత్వాన్ని కాదు, ఆమెను.

ఖమ్మంలో ఆ స్థానంలో హాస్టల్ వార్డెన్ ఉన్నారు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, ‘పాత్’ అనే అమెరికన్ సంస్థ భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాల సహకారంతో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక టీకాలు వేయించింది. వారిలో గిరిజన బాలికలు ఎందరో. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దీనిని నిలిపివేసింది. టీకా వేసుకున్నవారిలో కొందరు మరణించగా, ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని ప్రభుత్వ విచారణ సంఘం పేర్కొన్నది.

అలబామా, ఖమ్మం ఒకటే అనటం న్యాయం కాదు. అక్కడ మందు దాచారు. ఇక్కడ దేశంలో అనుమతి పొందిన టీకాయే వేశారు. పోలిక అంగీకారం దగ్గర ఉన్నది. పార్లమెంటు ఆరోగ్య, కుటుంబ సంక్షేమ స్థాయీ సంఘం 2013 ఆగస్టు 30న సమర్పించిన 72వ నివేదిక ప్రకారం, మన రాష్ట్రానికి చెందిన 9,543 అంగీకార పత్రాలలో 1,948 వేలిముద్రలు, 2,763 వార్డెన్ల సంతకాలు. బిడ్డను చదువుకోమని హాస్టల్‌లో వదిలిన తల్లి, ఆ బిడ్డ శరీరంపై నిర్ణయాధికారాన్ని కూడా వదలిపోయిందా? వార్డెన్లను దుర్మార్గులనటం తేలిక. కాని సంతకం చేసిన చేతికంటె, తల్లిని అడగకుండానే పని జరిగిపోవాలన్న తొందరది పెద్ద తప్పు.

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1928లో బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి.గిరి తరువాత రాష్ట్రపతి అయ్యారు. కాగితంలో ఏమున్నదని నిలదీయటానికి కార్మికుడికి సంఘం ఉన్నది. పదేళ్ళ గిరిజన బాలికకు ఏ సంఘం ఉన్నది? ఆమె పక్షాన అడగవలసినది పార్లమెంటే. అది అడిగింది, ఆలస్యంగానైనా. అలాంటి నివేదికను న్యాయస్థానాలు పరిశీలించవచ్చునని 2018 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

అలబామా బాధితులకు 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పారు. అప్పటికి వారిలో అత్యధికులు కన్నుమూశారు. ఇక్కడ 9 నుంచి 14 ఏళ్ళ బాలికలకు ఇదే వ్యాధి టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. మంచిదే, ఈ క్యాన్సర్‌ను అడ్డుకోగల టీకా అది. అయితే మొదట కబురు వెళ్ళవలసినది వార్డెన్ గదికి కాదు, తల్లి గడపకు. అదీ ఆమెకు వచ్చిన భాషలో. ఆమె “వద్దు” అంటే, ఆ మాటను కూడా రాసుకొని తిరిగి రావాలి.