ఆది ఉండగా నంబరెందుకు?

విజయవాడ పటమటలో టైలరు దగ్గరికి వెళ్తే ముందు అడిగేది ఆది జాకెట్టు. మెడ ఎంత దించాలి, చంక దగ్గర బిగువెంత ఉండాలి అని అంతా తేల్చుకున్నాకే గుడ్డ మీద కత్తెర పడనిస్తాం. దాని లోపల వేసుకునేదాన్ని మాత్రం 32 అనో 34 అనో చెప్పి, వేసి చూడకుండానే కవర్లో పెట్టించుకుని వచ్చేస్తాం. ఒంటికి ఇంకా దగ్గరగా ఉండేదానికి కొలతే అక్కర్లేదా? వైరూ ఫోమూ లేని మెత్తటి లోదుస్తు బ్రాలెట్‌ను ఇంట్లో క్రోషే సూదితో అల్లుకోవడం ఇప్పుడు సరదాగా మొదలైంది గానీ, అల్లుకోవాల్సింది ఈ కొలత కోసమే అంటాను. డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పట్టే గంటలకు కూలి కట్టి చూస్తే బజారు సరుకే చవక.

రొమ్ము కింద చుట్టుకొలత 30 అంగుళాలనుకుందాం. అల్లిక సాగుతుంది కనుక పట్టీని పదోవంతు తగ్గించి 27 అంగుళాలే అల్లాలి. ముందు అదే దారంతో, అదే సూదితో నాలుగంగుళాల ముక్క అల్లి చూస్తే 18 వరసలు వచ్చాయనుకోండి. అంటే అంగుళానికి నాలుగున్నర, పట్టీ మొత్తానికి 122. పట్టీ వెడల్పుకు సరిపడా గొలుసు వేసి, ప్రతి కుట్టులోనూ వెనక పోగును మాత్రమే పట్టి అల్లుకుంటూ పోతే గాళ్లు గాళ్లుగా వస్తుంది, లాగితే సాగుతుంది. కప్పుకు చిన్న గొలుసు చాలు. దాని ఒక పక్కన పైదాకా అల్లి, కొసన ఒకే కన్నంలో నాలుగు కుట్లు వేసి మళ్లి, రెండో పక్కన కిందికి దిగాలి. వరసలు పెరిగేకొద్దీ త్రికోణం పెద్దదవుతుంది. అడుగంచుకు కాస్త కుచ్చు పోసి పట్టీకి కలిపితే గుండ్రదనం వస్తుంది. చాలామందికి రెండు రొమ్ములూ ఒకే కొలతలో ఉండవు. పెద్దదాని వైపు ఒక వరస ఎక్కువ వేసుకుంటే సరి, ఏ నంబరుకూ సాధ్యం కానిది ఇదే. పైగా కత్తిరించిన గుడ్డ తప్పితే అంతే సంగతులు. అల్లిక తప్పితే దారం లాగేసి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో దారపు అల్లిక ఏం వేసుకుంటామని అడగవచ్చు. ఊలుతోనో యాక్రిలిక్‌తోనో అల్లితే నిజంగానే నరకం. సన్నటి నూలుదారమైతే చెమట పీలుస్తుంది, కన్నాల్లోంచి గాలి ఆడుతుంది. ఆ కన్నాలే ఇబ్బందనుకుంటే లోపల పల్చటి మల్లుగుడ్డ వేసి కుట్టుకోవచ్చు. నూలు ఉతికేకొద్దీ వదులవుతుందన్నది మాత్రం గట్టి అభ్యంతరమే. పట్టీ అంచు పొడవునా సన్న ఎలాస్టిక్ దూర్చాలి, తీగ మీద వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టాలి. భారీ రొమ్ములున్నవారికి, పరుగులు తీసేవారికి ఇది ఆసరా ఇవ్వదు. వాళ్లకు గట్టి కుట్టుపని ఉన్నదే మేలు.

ఇంత ఓపిక ఎవరికుంది అన్న ప్రశ్నకు జవాబు నరసాపురంలో ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషే లేసు గోదావరి డెల్టాలో ఇంటింటి పని అయింది. నిట్టింగుకు మిషన్లున్నాయి గానీ అసలైన క్రోషేను చెయ్యే అల్లాలి. మాల్‌లో చవగ్గా దొరికే క్రోషే టాపు వెనకా ఎవరిదో చెయ్యి ఉంటుంది, ఆమెకు ముట్టినదెంతో ధర చూస్తేనే తెలిసిపోతుంది. నరసాపురం ఆడవాళ్లు ఎగుమతి కోసం గంటల తరబడి అల్లుతున్నా, ఇంట్లో తీరిగ్గా కూర్చున్న గృహిణులుగానే లెక్కకొస్తున్నారని సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వచ్చిన తన పుస్తకంలో చూపించింది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపూ వచ్చింది. విదేశాల బల్లల కొలతకు గుడ్డలు అల్లిన చేతులకు పక్కింటామె ఒంటి కొలత కష్టమేమీ కాదు. అల్లడం రానివారు ఆది ఇచ్చి వాళ్లచేత అల్లించుకోవచ్చు. కూలి మాత్రం ముక్కకింత అని కాకుండా గంటల లెక్కన కట్టాలి. అప్పుడు ధర జాకెట్టు కుట్టుకూలిని దాటిపోతుంది, దాటాలి కూడా.